తూటా కొలతలో దాగిన అసాల్ట్ రైఫిల్ చరిత్ర

సోవియట్ ఏకే-47 గొప్పదా, అమెరికా ఎం16 గొప్పదా అన్న వాదన వియత్నాం యుద్ధకాలంలో మొదలై నేటికీ తెగలేదు. వాదించేవారు రెండు తుపాకుల రూపురేఖలను పోలుస్తారు. బురదలో పడితే ఏది పేలుతుంది, ఇసుక దూరితే ఏది మొరాయిస్తుంది అని లెక్కలు తీస్తారు. ఆ తుపాకుల్లోకి వెళ్లే తూటాల ఊసు చివరికెప్పుడో వస్తుంది, చాలాసార్లు రానే రాదు. చర్చ దారి తప్పుతున్నది అక్కడేనని నా అభిప్రాయం. అసాల్ట్ రైఫిల్ పుట్టిందే తూటాను కుదించాలన్న నిర్ణయంలోంచి. ఆ తర్వాతి ఎనభై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పులూ, సైన్యాలు చేసిన పెద్ద తప్పులూ తూటా ఎంత ఉండాలన్న ప్రశ్న చుట్టూనే తిరిగాయి. ఈ దారం పట్టుకుంటే ఏకే, ఎం16, ఎఫ్ఏఎల్, ఇన్సాస్ లాంటి పేర్ల గందరగోళం చాలావరకు విడిపోతుంది.

ముందు ఏది అసాల్ట్ రైఫిల్, ఏది కాదు అన్నది తేల్చుకోవాలి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో గుండు వెళ్లాలి. పక్కనున్న మీట తిప్పి ట్రిగ్గర్‌ను నొక్కిపట్టుకుంటే గుళ్లు వరసగానూ వెళ్లాలి. తూటాలు విడిగా తగిలించి తీసుకోగల మ్యాగజైన్ నుంచి అందాలి. ఈ రెండు లక్షణాలు వేరే ఆయుధాలకూ ఉంటాయి. అసాల్ట్ రైఫిల్‌ను వేరు చేసేది మూడో లక్షణం. దాని తూటా పిస్టల్ తూటా కన్నా బలంగా, పాతకాలపు సైనిక రైఫిల్ తూటా కన్నా తేలికగా ఉండాలి. తూటా అంటే ఇక్కడ లోహపు గొట్టం, అందులోని మందు, కొసనున్న గుండు అన్నీ కలిపి అని అర్థం చేసుకోవాలి.

ఈ కొలమానంతో చూస్తే కొన్ని ప్రసిద్ధ తుపాకులు జాబితాలోంచి జారిపోతాయి. బెల్జియం ఎఫ్ఏఎల్, జర్మనీ జీ3, అమెరికా ఎం14 వరసగా పేలగలవు, మ్యాగజైన్ ఉంది, కానీ అవి వాడేది పూర్తిస్థాయి తూటా. నిపుణులు వాటిని బ్యాటిల్ రైఫిళ్లు అంటారు. అలాగే అమెరికాలో పౌరులకు అమ్మే ఏఆర్-15 తుపాకీ చూడటానికి ఎం16లాగే ఉన్నా, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్క గుండు మాత్రమే పేలుస్తుంది. సైనిక పరిభాషలో అది అసాల్ట్ రైఫిల్ కాదు. అంతమాత్రాన అది తక్కువ ప్రమాదకరమని కాదు. వర్గీకరణ ఒకటి, ప్రాణనష్టం మరొకటి.

మూడు వందల మీటర్ల నిజం

మొదటి ప్రపంచయుద్ధం నాటి సైనికుడి చేతిలో ఉన్న రైఫిల్ తన అవసరానికి మించిన ఆయుధం. జర్మన్ మౌజర్ మీద గురి పలక 2,000 మీటర్ల దాకా గీతలు పెట్టి ఉండేది. దూరంగా కదిలే శత్రు పటాలం మీదకు వందమంది ఒకేసారి కాల్పులు జరిపే పాత యుద్ధరీతి కోసం పెట్టిన గీతలవి. కందకాలు తవ్వుకుని ఎదురెదురుగా కూర్చున్న యుద్ధంలో ఆ దూరాలకు అర్థం లేదు. రెండు కిలోమీటర్ల అవతల నిలబడ్డ మనిషి మామూలు కంటికి కనిపించడమే కష్టం. పదాతిదళం కాల్పుల్లో అత్యధిక భాగం మూడు వందల మీటర్ల లోపే జరుగుతోందని క్రమంగా అందరికీ తెలిసివచ్చింది.

అయినా సైనికుడు మోస్తున్నది కిలోమీటరు దాటి చంపగల తూటానే. దాని బరువు దాదాపు 25 గ్రాములు. పేలిన ప్రతిసారీ భుజాన్ని గట్టిగా తన్నుతుంది. అంత బలమైన తూటాలను చేతిలో పట్టుకున్న తుపాకీతో వరసగా పేలిస్తే రెండో గుండుకే గొట్టం ఆకాశం వైపు లేస్తుంది. దీనికి విరుగుడుగా వచ్చిన సబ్‌మెషిన్ గన్ పిస్టల్ తూటాను వాడింది. దగ్గర్లో భీకరంగా పనిచేసేది, నూరు, నూట యాభై మీటర్లు దాటితే బలం సన్నగిల్లేది. ఈ రెండింటికీ మధ్య పెద్ద ఖాళీ మిగిలిపోయింది, అసలు యుద్ధమేమో ఆ ఖాళీలోనే జరుగుతోంది.

ఈ సంగతిని ముందే పసిగట్టినవారిలో రష్యాకు చెందిన వ్లాదిమిర్ ఫ్యోదొరొవ్ ఒకరు. జపాన్ సైన్యం వాడే 6.5 మి.మీ. తూటా రష్యా తూటా కన్నా సౌమ్యమైనది. దాన్నే తీసుకుని వరసగా పేలే రైఫిల్ ఒకటి తయారుచేసి 1916లో రంగంలోకి దించాడు. మొత్తం తయారైనవి మూడు వేల పైచిలుకే. ఆలోచన సరైనదే, కానీ విప్లవం, అంతర్యుద్ధం మధ్య దాన్ని నిలబెట్టే పరిశ్రమ లేదు.

జర్మన్లు రెండో ప్రపంచయుద్ధంలో ఈ పని పూర్తిచేశారు. వాళ్లు ఎంచుకున్న దారిలో నాకు బాగా నచ్చేది అందులోని లౌక్యం. కొత్త తూటాకు కొత్త వ్యాసం ఎంచుకోలేదు. పాత 7.92 మి.మీ. వ్యాసాన్నే ఉంచి, తూటా గొట్టం పొడవును 57 నుంచి 33 మి.మీ.కు తగ్గించారు. తుపాకీ గొట్టాలు తొలిచే యంత్రాలు మార్చాల్సిన అవసరం రాలేదు. తూటా బరువు 17 గ్రాములకు దిగింది. హ్యూగో ష్మైసర్ రూపకల్పనలో ఈ తూటా చుట్టూ వచ్చిన తుపాకీయే చివరకు ఎస్‌టీజీ-44 అయింది. హిట్లర్ మొదట కొత్త తూటాకు ఒప్పుకోకపోవడంతో ఆయుధ విభాగం దాన్ని సబ్‌మెషిన్ గన్ పేరుతో, ఎంపీ-43గా తయారుచేయించింది. తూర్పు రంగం నుంచి వచ్చిన పొగడ్తలు విన్నాక 1944లో అనుమతి, కొత్త పేరు రెండూ వచ్చాయి. యుద్ధం ముగిసేలోపు నాలుగు లక్షలకు పైగా తయారయ్యాయి. యుద్ధాన్ని మలుపు తిప్పడానికి ఆ సంఖ్య చాలలేదు. కానీ ఇక మీదట పదాతిదళపు తుపాకీ ఎలా ఉంటుందో అది చూపించింది.

ఏకే గురించి తెలిసిందీ, తెలియనిదీ

సోవియట్ యూనియన్ 1943లోనే తన సొంత మధ్యస్థ తూటా, 7.62×39 మి.మీ. (మొదటి అంకె గుండు వ్యాసం, రెండోది తూటా గొట్టం పొడవు) మీద పని మొదలుపెట్టింది. ముందు తూటా పుట్టింది, తర్వాత దానికి తగిన తుపాకీ కోసం పోటీ పెట్టారు. 1941లో యుద్ధంలో గాయపడిన యువ ట్యాంక్ కమాండర్ మిఖాయిల్ కలాష్నికోవ్, తోటి ఇంజనీర్ల సాయంతో ఆ పోటీలో గెలిచాడు. 1949లో సైన్యం ఆ రైఫిల్‌ను స్వీకరించింది.

ఏకే అనేది ఎస్‌టీజీ-44కు నకలు అన్న మాట తరచు వినిపిస్తుంది. పైనుంచి చూస్తే పోలిక నిజమే. వంపు తిరిగిన మ్యాగజైన్, గొట్టం మీద గ్యాస్ నాళం, పిస్టల్‌కు ఉన్నట్టు పిడి, అన్నీ ఉన్నాయి. యుద్ధం తర్వాత ష్మైసర్‌ను సోవియట్ ఆయుధ నగరం ఇజెవ్‌స్క్‌కు తీసుకెళ్లి 1952 దాకా అక్కడే ఉంచారన్నదీ వాస్తవమే. కానీ విప్పిచూస్తే లోపలి పని వేరు. తూటా పేలే క్షణంలో వెనక దారిని మూసి ఉంచే బోల్ట్ జర్మన్ తుపాకీలో వాలుతుంది, ఏకేలో గుండ్రంగా తిరిగి గట్టిగా బిగుసుకుంటుంది. ఏ తుపాకీ ఏ వంశానిదో చెప్పేది ఈ బోల్ట్ తీరు. చెకొస్లొవేకియా వారి వీజెడ్-58నే చూడండి. దూరం నుంచి ఎవరైనా ఏకే అనే అంటారు. లోపల ఒక్క భాగం కూడా ఏకేతో కలవదు.

ఏకే నమ్మకంగా పనిచేయడానికి కారణం అందులో భాగాల మధ్య ఖాళీ ఎక్కువ కావడం అని చెబుతారు. అది సగమే నిజం. బోల్ట్‌ను మోసే భాగం బరువైనది, పేలుడు గ్యాస్ తోసే పొడవైన పిస్టన్ దానికే అతుక్కుని ఉంటుంది. మసి పేరుకున్నా, మట్టి దూరినా ఆ బరువు ఊపుతో అది వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు వస్తుంది. మిగతా సగం ఘనత తూటాది. 7.62×39 తూటా గొట్టం ముందుకు పోయేకొద్దీ సన్నబడుతుంది. ఆ వాలు వల్ల తూటా ఛాంబర్‌లోకి, అంటే తుపాకీ గొట్టం వెనక కొసన తూటా కూర్చునే గదిలోకి సులువుగా జారుతుంది, పేలాక ఖాళీ గొట్టం గోడలకు అతుక్కోకుండా ఊడివస్తుంది. ఒక కొస సన్నగా ఉన్న తూటాలను ముప్పై పేర్చితే ఆ వరస సహజంగానే వంపు తిరుగుతుంది. ప్రపంచమంతా గుర్తుపట్టే ఆ అరటిపండు ఆకారపు మ్యాగజైన్ ఎవరి అలంకార బుద్ధిలోంచీ రాలేదు, తూటా ఆకారమే దాన్ని తెచ్చిపెట్టింది.

ఏకే మొదటినుంచీ చవకగా, సులువుగా తయారయ్యే తుపాకీ అన్నది మాత్రం అపోహ. ఇనుప రేకును అచ్చులో ఒత్తి తుపాకీ దేహాన్ని చేయాలని 1949లో అనుకున్నారు. నాటి సోవియట్ కర్మాగారాలకు ఆ పని సరిగా పట్టుబడలేదు, తయారైన వాటిలో పనికిరానివి ఎక్కువగా తేలాయి. అందుకని ఉక్కు దిమ్మెను యంత్రాలతో చెక్కి దేహం చేసే ఖరీదైన పద్ధతికి మారారు. రేకు పద్ధతి కుదిరింది 1959లో వచ్చిన ఏకేఎంతో. బరువు బాగా తగ్గింది, తయారీ వేగం పెరిగింది. మనం ఫొటోల్లో చూసి ఏకే-47 అని పిలిచేవాటిలో ఎక్కువ భాగం నిజానికి ఏకేఎంలో, వాటికి చైనా, తూర్పు ఐరోపా దేశాలు చేసిన రూపాంతరాలో అయి ఉంటాయి.

పడమటి దేశాల ఎదురుదారి

ఇదే సమయంలో పశ్చిమ కూటమి చేసిన పని నాకు నేటికీ మింగుడుపడదు. బ్రిటన్ ఇంజనీర్లు 7 మి.మీ. మధ్యస్థ తూటాను, దానికోసం ఈఎం-2 అనే రైఫిల్‌ను తయారుచేశారు. 1951లో ఆ దేశం దాన్ని అధికారికంగా స్వీకరించింది కూడా. బెల్జియంలో ఎఫ్ఏఎల్ రైఫిల్ తొలి నమూనాను జర్మన్ కురచ తూటాకే రూపొందించారు, తర్వాత బ్రిటన్ తూటాకు మార్చారు. అమెరికా మాత్రం పూర్తి బలం ఉన్న తూటానే కావాలని పట్టుబట్టింది. నాటో దేశాలన్నీ ఒకే తూటా వాడాలన్న లక్ష్యం ముందు మిగతా వాదనలు ఓడిపోయాయి. చర్చిల్ ప్రభుత్వం ఈఎం-2ను పక్కనపెట్టింది. 1954లో 7.62×51 మి.మీ. తూటా నాటో ప్రమాణమైంది. ఎఫ్ఏఎల్‌ను ఆ తూటాకు సరిపోయేలా పెంచారు.

అలా పెరిగిన ఎఫ్ఏఎల్ గట్టి తుపాకీ, తొంభై దాకా దేశాలు వాడాయి. జీ3 కూడా అలాంటిదే. కానీ వరసగా పేల్చడానికి రెండూ పనికిరావు. ఎం14 విషయం ఇంకా స్పష్టం. 1957లో స్వీకరించిన ఆ రైఫిల్‌ను వరసగా పేలిస్తే అదుపు చేయలేక, ఎక్కువ భాగం తుపాకుల్లో ఆ సౌకర్యాన్ని బిగించేసి సైనికులకు ఇచ్చారు. విడ్డూరమేమిటంటే అమెరికా సైన్యం కోసం పరిశోధకులు 1952లోనే ఒక నివేదిక ఇచ్చారు. గుళ్లు తగిలేది దాదాపు అంతా మూడు వందల గజాల లోపేనని, తేలికైన చిన్న వ్యాసపు తూటా మేలని అందులో ఉంది. కాగితం మీద సరైన జవాబు ఉండగానే సైన్యం తప్పు తూటాను ఎంచుకుంది.

ఆ తప్పును దిద్దినవాడు అమెరికా ఇంజనీర్ యూజీన్ స్టోనర్. విమానాల్లో వాడే అల్యూమినియం, ప్లాస్టిక్‌లతో ఆయన చేసిన, వరసగానూ పేలే తొలి ఏఆర్-15 తర్వాత ఎం16 అయింది. మ్యాగజైన్ లేకుండా దాని బరువు మూడు కిలోలకు కాస్త తక్కువ. 5.56×45 తూటా బరువు 12 గ్రాములు, అంటే నాటో పాత తూటాలో సగం. ఒకే బరువుకు సైనికుడు రెండింతల తూటాలు మోయగలడు. చిన్న గుండు సెకనుకు దాదాపు 990 మీటర్ల వేగంతో వెళ్తుంది, కాబట్టి మూడు వందల మీటర్ల దాకా దాని దారి దాదాపు తిన్నగా ఉంటుంది. 7.62×39 గుండు వేగం 715 మీటర్ల దగ్గర ఉంటుంది. దూరం అంచనా కాస్త తప్పినా ఏకే గురి పైకో కిందికో పోతుంది, ఎం16 గురి అంతగా చెడదు.

ఇంత బాగా ఆలోచించిన తుపాకీ వియత్నాంలో సైనికుల ప్రాణాలమీదకు తెచ్చింది. ఆ కథను ఆగి చెప్పుకోవాలి, ఎందుకంటే ఎం16 మీద నేటికీ ఉన్న చెడ్డపేరు అక్కడిదే. స్టోనర్ ఒక రకం మందును దృష్టిలో పెట్టుకుని తుపాకీని తీర్చాడు. సైన్యం తూటాల్లో మందును మార్చింది. కొత్త మందుతో తుపాకీ పేలే వేగం అనుకున్నదానికన్నా పెరిగింది, లోపల మసి ఎక్కువగా పేరుకుంది. ఛాంబర్ లోపల తుప్పు పట్టకుండా క్రోమియం పూత వేయాల్సింది, వేయలేదు. వియత్నాం తేమలో అది గుంటలు పడింది. పైగా ఈ తుపాకీకి శుభ్రం చేసే పని అంతగా ఉండదన్న ప్రచారం నడిచింది. చాలా పటాలాలకు శుభ్రం చేసే పరికరాలే అందలేదు. ఫలితంగా ఖాళీ గొట్టం ఛాంబర్‌లో ఇరుక్కుపోయి, కాల్పుల మధ్యలో తుపాకీ నిలిచిపోయేది. పనిచేయని రైఫిల్ పక్కన చనిపోయి కనిపించిన సైనికుల గురించి ఇళ్లకు ఉత్తరాలు వెళ్లాయి. 1967లో అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘం విచారణ జరిపి, తూటాల లోపాలను సరిదిద్దడంలో సైన్యాధికారులు చూపిన అలసత్వం నేరపూరిత నిర్లక్ష్యానికి దగ్గరగా ఉందని తేల్చింది.

తర్వాత ఛాంబర్‌కు క్రోమియం పూత వచ్చింది, లోపలి భాగాల్లో మార్పులు వచ్చాయి, శుభ్రం చేసే పరికరాలతోపాటు బొమ్మల కథల రూపంలో ఒక చేతిపుస్తకమూ సైనికులకు అందింది. ఎం16ఏ1 నమ్మదగిన ఆయుధమైంది. తుపాకీని, తూటాను, వాటి సంరక్షణను ముగ్గురు వేర్వేరు అధికారులు వేర్వేరు బల్లల దగ్గర నిర్ణయిస్తే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు. ఆ సైనికుల చావుకు కారణం తుపాకీ రూపకల్పన కన్నా ఆ నిర్ణయాలే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఎం16ను ఎంతగా వెక్కిరించినా, సోవియట్ ఇంజనీర్లు దాని తూటాను శ్రద్ధగా అధ్యయనం చేశారు. 1974లో వచ్చిన ఏకే-74కు 5.45×39 మి.మీ. తూటా ఇచ్చారు. బరువు 11 గ్రాముల లోపే, వేగం సెకనుకు 900 మీటర్లు. గొట్టం కొసన పెట్టిన పెద్ద బ్రేకు వల్ల భుజానికి తగిలే దెబ్బ బాగా తగ్గింది. అంటే ఏకేను కన్న దేశమే ఏకే-47 తూటాను పక్కనపెట్టి, ఎం16 చూపిన దారిలోకి వచ్చింది. 1980లో నాటో 5.56 తూటాను బరువైన గుండుతో తన రెండో ప్రమాణంగా తీసుకుంది. ఏకే, ఎం16 శిబిరాలు అనుకునేవి తూటా విషయంలో అప్పటికే ఒక్కటయ్యాయి.

గ్యాస్ ఎటు పోతుంది

తుపాకీ పేలినప్పుడు గుండు వెనక అత్యధిక పీడనంతో గ్యాస్ పుడుతుంది. దాంట్లో కొంత భాగాన్ని పక్కకు తీసి, ఖాళీ గొట్టాన్ని బయటకు నెట్టి కొత్త తూటా ఎక్కించే పనికి వాడతారు. ఏకేలో ఆ గ్యాస్ పొడవైన పిస్టన్‌ను తోస్తుంది. ఎం16లో సన్నని నాళం ద్వారా నేరుగా బోల్ట్‌ను మోసే భాగంలోకే వెళ్తుంది. బరువు తక్కువ, గురి చక్కగా ఉంటుంది, కానీ వేడీ మసీ లోపలికే చేరతాయి. మూడో దారిలో పొట్టి పిస్టన్ ఒక దెబ్బ కొట్టి ఆగిపోతుంది, మిగతా పని ఆ ఊపు చేస్తుంది.

ఈ మూడో దారిని ప్రపంచమంతా వ్యాపింపజేసింది చాలామందికి పేరు కూడా తెలియని ఏఆర్-18. 1960లలో ఆర్మలైట్ సంస్థ తయారుచేసిన ఈ రైఫిల్‌ను పెద్ద సైన్యమేదీ కొనలేదు. వ్యాపారంగా అది విఫలం. కానీ దాని లోపలి అమరికను బ్రిటన్ ఎల్85, జర్మనీ జీ36, సింగపూర్ ఎస్ఏఆర్-80 అందిపుచ్చుకున్నాయి. ఎం16కు కురచ రూపమైన ఎం4లో పొట్టి గొట్టం వల్ల పెరిగే వేడి, పీడనాల సమస్యకు జవాబుగా వచ్చిన హెచ్‌కే416 కూడా ఎం16 దేహంలో ఇలాంటి పిస్టన్‌నే అమర్చింది. నార్వే, ఫ్రాన్స్, ఇప్పుడు జర్మనీ దాన్నే ఎంచుకున్నాయి. ఏకే, ఎం16ల తర్వాత మూడో పెద్ద వంశం ఏదని అడిగితే నేను సంకోచించకుండా ఏఆర్-18 పేరే చెబుతాను.

జీ36 ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. ఎక్కువ ప్లాస్టిక్‌తో చేసిన ఈ తుపాకీ వరస కాల్పులతో వేడెక్కితే గురి తప్పుతోందని 2015లో జర్మన్ రక్షణ శాఖ ప్రకటించి, దాన్ని మార్చాలని నిర్ణయించింది. తయారీదారు కోర్టుకు వెళ్లింది. ఒప్పందం ప్రకారం లోపమేమీ లేదని 2016లో కోబ్లెంజ్ కోర్టు తేల్చింది. తుపాకీ ఎంత సేపు, ఎంత జోరుగా పేలాలో ముందు చెప్పాల్సింది కొనే సైన్యమే.

ఇజ్రాయెల్ గలిల్ మీద కూడా రెండు వాక్యాలు రాయాలనిపిస్తోంది. ఇసుకలో మొరాయించిన ఎఫ్ఏఎల్‌కు బదులుగా 1970ల ఆరంభంలో వచ్చిన ఈ రైఫిల్, ఫిన్లాండ్ చేసిన ఏకే రూపాంతరం ఆర్‌కే-62 లోపలి పనితీరును అమెరికా 5.56 తూటాతో కలిపింది. సైనికులు సీసా మూతలు తీయడానికి మ్యాగజైన్ అంచులు వాడి పాడుచేస్తున్నారని, తుపాకీలోనే మూత తీసే కొక్కెం పెట్టారు.

వెనక్కి జరిగిన మ్యాగజైన్

1970లలో ఒక కొత్త ఆలోచన ఊపందుకుంది. ట్రిగ్గర్‌ను ముందుకు జరిపి, మ్యాగజైన్‌ను, బోల్ట్‌ను దాని వెనక, భుజానికి ఆనే భాగంలోనే పెట్టేస్తే తుపాకీ పొట్టిదవుతుంది. వీటిని బుల్‌పప్ రైఫిళ్లు అంటారు. ఆస్ట్రియా 1977లో స్వీకరించిన స్టెయర్ ఆగ్ గొట్టం పొడవు 508 మి.మీ., ఎం16ఏ2 గొట్టం పొడవూ అంతే. మొత్తం పొడవు మాత్రం ఎం16ఏ2కు మీటరు, ఆగ్‌కు 79 సెంటీమీటర్లు. సాయుధ వాహనంలోంచి దిగేవారికి, గదుల మధ్య తిరిగేవారికి ఇది పెద్ద తేడా. ఫ్రాన్స్ ఫమాస్, బ్రిటన్ ఎల్85, చైనా క్యూబీజెడ్-95, ఇజ్రాయెల్ టావర్ ఇదే దారిలో వచ్చాయి.

ఎల్85 మొదటి పదిహేనేళ్లు బ్రిటిష్ సైనికులను ఏడిపించింది. ఎడారిలోనూ, చలిలోనూ మొరాయించింది. 2000 తర్వాత హెక్లర్ అండ్ కోహ్ సంస్థ లోపలి భాగాలను దాదాపు పూర్తిగా మార్చాకే అది కుదుటపడింది. ఖాళీ గొట్టాలు కుడివైపు, కాల్చేవాడి చెంప పక్కనే ఎగిరిపడతాయి కాబట్టి దాన్ని ఎడమ భుజం మీద పెట్టి కాల్చడానికి వీల్లేదు. మొత్తంగా బుల్‌పప్ మోజు ఇప్పుడు తగ్గుతోంది. ఫ్రాన్స్ హెచ్‌కే416కు మారింది, న్యూజిలాండ్ ఆగ్‌ను వదిలేసింది, చైనా 2019 కవాతులో మామూలు అమరిక ఉన్న క్యూబీజెడ్-191ని ప్రదర్శించింది. గొట్టం కాస్త పొట్టిదైనా, భుజానికి ఆనే భాగం ముడుచుకునే రైఫిల్ ఉంటే చాలని సైన్యాలు తేల్చుకున్నాయి. మ్యాగజైన్‌ను త్వరగా మార్చడం అందులోనే సులువు.

ఒకే సైన్యంలో మూడు తూటాలు

తూటా ఎంపిక ఎంత కష్టమో భారత సైన్యం అనుభవం చెబుతుంది. 1962 యుద్ధంలో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లతో పోరాడిన సైన్యం, తర్వాత ఎఫ్ఏఎల్ ఆధారంగా ఇషాపూర్‌లో తయారైన 7.62×51 రైఫిల్‌కు మారింది. 1990లలో 5.56 తూటాతో స్వదేశీ ఇన్సాస్ వచ్చింది. 1999లో కార్గిల్ చలిలో దాని ప్లాస్టిక్ మ్యాగజైన్లు పగిలాయని, తుపాకీ నిలిచిపోయిందని ఫిర్యాదులొచ్చాయి. ఉగ్రవాదులతో దగ్గరి పోరాటాల్లో సైనికులు ఏకేలనే కోరుకున్నారు. 2019లో అమెరికా సంస్థ నుంచి 72,400 సిగ్ 716 రైఫిళ్లకు ఒప్పందం కుదిరింది, వాటి తూటా మళ్లీ 7.62×51. 2021లో ఆరు లక్షలకు పైగా ఏకే-203 రైఫిళ్లను అమేఠీ జిల్లా కోర్వాలో తయారుచేసే ఒప్పందం జరిగింది, వాటిది 7.62×39. ఎత్తైన కొండల మీద దూరపు గురి కావాలి, ఊళ్లలో, అడవుల్లో దగ్గరి పోరుకు అదుపు, దెబ్బ కావాలి. ఒక్క తూటా ఈ రెండిటికీ చాలదని ఒప్పుకున్నట్టే ఇది. దానికి చెల్లించే మూల్యం సరఫరాలో కనిపిస్తుంది. మూడు రకాల తూటాలు, మూడు రకాల విడిభాగాలు సరైన చోటికి సరైన సమయానికి చేరాలి.

యుద్ధం ముగిసినా తుపాకీ మిగులుతుంది

ప్రపంచంలో ఉన్న ఏకే తరహా రైఫిళ్ల మీద ఏడు కోట్ల నుంచి పది కోట్ల దాకా అంచనాలున్నాయి. ఎం16 కుటుంబం ఎనభై లక్షల దగ్గర ఉంటుందంటారు. ఈ తేడా చూసి ఏకే మెరుగైన తుపాకీ అని తేల్చడం సరికాదు. మిత్రదేశాలకు సోవియట్ యూనియన్ తుపాకులతోపాటు వాటిని తయారుచేసే పరిజ్ఞానాన్నీ ఇచ్చింది. చైనా, పోలండ్, హంగరీ, రొమేనియా, బల్గేరియా, ఉత్తర కొరియా తమ కర్మాగారాలు నడిపాయి. 1980లలో అఫ్గానిస్తాన్‌లో సోవియట్ సైన్యంతో పోరాడేవారికి అమెరికా డబ్బుతో చైనా, ఈజిప్టు ఏకేలు అందాయి. ఎవరిచ్చారో బయటపడకూడదు, శత్రువు దగ్గర చిక్కిన తూటాలూ పనికిరావాలి, రెండూ కుదిరేది ఏకేతోనే. మొజాంబిక్ జాతీయ పతాకం మీద నేటికీ ఈ రైఫిల్ బొమ్మ ఉంది.

సైనిక రైఫిల్ మనిషి ఆయుష్షును మించి బతుకుతుంది. 2012లో సిరియా అంతర్యుద్ధంలో తిరుగుబాటుదారుల చేతికి ఒక గోదాములోంచి ఎస్‌టీజీ-44లు చిక్కాయి. తయారైన దాదాపు డెబ్బై ఏళ్లకు అవి మళ్లీ కాల్పుల్లోకి వచ్చాయి. ఒక యుద్ధంలో గెలిపించడానికి పంపిన తుపాకీ తర్వాతి యుద్ధంలో ఎవరి చేతిలో ఉంటుందో పంపినవాడికి తెలియదు. దీన్ని అర్థం చేసుకున్న ప్రయత్నాలూ లేకపోలేదు. 1996 మార్చిలో మాలీలోని టింబక్టూలో శాంతి ఒప్పందం తర్వాత దాదాపు మూడు వేల తుపాకులను బహిరంగంగా తగలబెట్టారు. ఆయుధాల మీద వ్యాసాలు చదివేవారు ఈ సంగతినీ కాల్పుల వేగం, గొట్టం పొడవులంత శ్రద్ధగా గుర్తుంచుకోవాలని నా కోరిక.

మళ్లీ పెద్ద తూటా వైపు

అఫ్గాన్ కొండల్లో అయిదు వందల మీటర్ల అవతలి నుంచి మెషిన్ గన్ కాల్పులు ఎదురైనప్పుడు 5.56 చాలడం లేదని అమెరికా సైనికులు చెప్పారు. శత్రువు ఒంటిమీద గట్టి కవచం ఉంటే చిన్న గుండు ఆగిపోతుందన్న ఆందోళన తోడైంది. 2022 ఏప్రిల్‌లో అమెరికా సైన్యం సిగ్ సావర్ సంస్థ రైఫిల్‌ను ఎంచుకుంది. ఇప్పుడది ఎం7. దాని 6.8×51 మి.మీ. తూటా అడుగుభాగం ఉక్కు, పైభాగం ఇత్తడి. చదరపు అంగుళానికి 80 వేల పౌండ్ల దాకా పీడనాన్ని తట్టుకోవాలి కాబట్టి ఈ అమరిక. తూటా పొడవు చూస్తే ఇది 1954 నాటి నాటో తూటాకు తోబుట్టువు.

మూల్యం కూడా అప్పటిదే. ఎం4 మోసే సైనికుడు ఏడు మ్యాగజైన్లలో 210 తూటాలు తీసుకెళ్తాడు. ఎం7తో అదే ఏడు మ్యాగజైన్లలో 140 మాత్రమే. తుపాకీ బరువు దాదాపు కిలో పెరిగింది, చప్పుడు తగ్గించే గొట్టం తగిలిస్తే ఇంకా పెరుగుతుంది. దూరాన్ని కొలిచి గురిని సరిచేసే కంప్యూటర్ స్కోపు తోడుగా ఉంది కాబట్టి తక్కువ తూటాలతోనే పని జరుగుతుందని సైన్యం వాదన. అధ్యయనాలు మూడు వందల మీటర్లు అన్నది కంటితో గురిచూసే మనిషి గురించి, యంత్రం గురిచూసి ఇచ్చే మనిషి గురించి కాదు అన్నది వారి లెక్క. ఆ లెక్కలో బలం ఉంది. కానీ ఎదుటివాడు కనిపించకుండా అతని వైపు గుళ్లు కురిపించి తల ఎత్తనివ్వకుండా చేయడమే పదాతిదళం కాల్పుల్లో సింహభాగం, దానికి తూటాల సంఖ్య కావాలి. నన్నడిగితే మామూలు సైనికుడికి చిన్న తూటాయే ఉంచి, పెద్ద తూటాను దళంలో ఒకరిద్దరు గురికాండ్రకు, మెషిన్ గన్‌కు ఇవ్వడం మేలు. ఫ్రాన్స్, జర్మనీ కొత్త రైఫిళ్లు కొంటూ కూడా 5.56 దగ్గరే ఆగాయి. రష్యా 2018లో స్వీకరించిన ఏకే-12కు 5.45నే ఉంచింది. చైనా క్యూబీజెడ్-191లోనూ తన 5.8 మి.మీ. తూటానే కొనసాగించింది. పదాతిదళానికి కొత్త పెద్ద తూటా రైఫిల్ ఇస్తున్న అమెరికా దారిలోకి వీటిలో ఏదీ రాలేదు.